ఒకటిన్నర చుట్టు

బేతంచెర్లలో
నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల వెనక
తెల్ల బురద ఎండి పెచ్చులు లేచే చోట
మౌలాలి షెడ్డు.
ముప్పై ఏళ్ళుగా అక్కడ కూర్చుని
బండ్లకు గొంతు సరిచేస్తున్నాడు.

గొర్రెలకు టీకాలు వేసేదాన్ని నేను.
ఎర్రమల గుట్టల్లో మంద ఎక్కడుంటే అదే నా ఆఫీసు.
దారంటూ ఉండదు.
వాన కోసిన గాడి,
క్వారీ పారబోసిన ముక్కరాళ్ళ తిప్ప,
వీపున మందుల ఐసుపెట్టె,
కింద పాత కార్బొరేటర్ బండి.

దాని తిక్క నాకు తెలుసు.
చలికాలం చోక్ లాగందే పలకదు,
ఎండాకాలం లాగితే అలుగుతుంది.
నిట్టనిలువు ఎక్కుడులో
ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు
చంకలో బిందె నీళ్ళలా ఓ పక్కకు ఒరిగి
సరిగ్గా ముందుచక్రం రాయెక్కినప్పుడే
దగ్గి, ఆగిపోతుంది.
కిక్కు కొట్టీ కొట్టీ
నా కుడి పిక్క ఎడమదానికన్నా లావు.

మౌలాలి మాత్రం దాన్నొక్క మాట అననియ్యడు.
పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి
పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి
కళ్ళు మూసుకుంటాడు.
ఇంకో చేత్తో మిక్చర్ స్క్రూ
పూర్తిగా బిగించి, వెనక్కి
ఒకటి, ఒకటింపావు, ఒకటిన్నర,
ఒక వెంట్రుకవాసి తక్కువ.
"ఆఁ! కడుపునిండిన బర్రె నెమరేసినట్ల ఉండాది, సూడు."

జెట్‌లో నలుసు పడితే
తెగిన క్లచ్ వైరు పోగొకటి పీకి పొడిచి
ఉఫ్‌మని ఊదేవాడు,
పసిబిడ్డ కంట్లో ఊదినట్టు.

నిరుడు మద్దిలేటి కొత్త బండి తెచ్చాడు.
గుట్టలెక్కే బండి. గుబ్బల టైర్లు, ఇంత ఎత్తున మడ్‌గార్డు.
"ఇంజెక్షన్ బండక్కా, నీ కులమే" అని నవ్వాడు.
నిజమే.
పొట్టేలుకొక లెక్క, పిల్లకొక లెక్క
బరువు చూసి నేను మందు లాగినట్టే
గాలెంత, వేడెంత అని అడిగి
చుక్క కొలిచి చిమ్ముతుందది.
అదే ఎక్కుడు, అదే రాయి,
ఒక్క దగ్గు లేకుండా నిలబడి దాటాడు.
నేను కింద కిక్కు కొడుతూ చూశాను.
కుళ్ళుకున్నాను. రాసుకోడానికి సిగ్గేముంది.

పదిహేను రోజులకు ఆ బండే
ట్రాక్టరులో పడుకుని వచ్చింది.
సీసాల్లో కొన్న పెట్రోలు, అడుగున నీళ్ళు.
వైరుపోగుతో పొడవడానికి
దానికి మనిషి కంటికానే బెజ్జమే లేదు.
మౌలాలి పగలబడి నవ్వుతాడనుకున్నా,
నేనూ తోడు నవ్వుదామని షెడ్డులోనే ఆగా.

నవ్వలేదు.
గొంతుక్కూర్చుని
మీటరు మీద మినుకుమనే దీపాన్ని
వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతున్నాడు.
పొడుగుది ఒకటి, పొట్టివి మూడు.
మళ్ళీ పొడుగుది.
కూతురు చాంద్‌బీ నోటుబుక్కులో
ఆ లెక్కకు అర్థం వెతుకుతోంది.
ఏదైనా చెప్పాలంటే ముందు
ఆయన భుజం మీద తడుతోంది.

ఎన్నాళ్ళ నుంచి? అన్నాను.
నా పెదాలు చూసి చెప్పాడు.
"కుడిది క్వారీ తూటాలకే పాయ.
ఎడమది ఈ యేడు.
ఈ బండి మంచిదమ్మా,
మనిషిని చెవులడగదు. దీపం పెట్టి చెప్తాది."

పొద్దు గూకే వేళకు నా బండి వంతు.
అలవాటుగా స్క్రూడ్రైవర్ ఎముకకు ఆనించాడు,
కాసేపుంచి, తీసి,
పిడి నా చేతికిచ్చాడు.
"నువ్వు ఇను. బాగుందనిపిస్తే నన్ను గిల్లు."

ఒకటి.
ఒకటింపావు.
వెనక పాలిష్ మిషన్ల రొద,
రోడ్డు మీద రాళ్ళ లారీ,
వీటి మధ్య ఎక్కడో ఆ బర్రె.
ఒకటిన్నర వచ్చింది, దాటింది.
ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.
నాకేమీ తెలియలేదు.
గిల్లాను.

అప్పటి నుంచి బండి
పెట్రోలు కాస్త ఎక్కువే తాగుతోంది.
ఇంకా సరిచేయించలేదు.